ఎడమచేత కత్తి పట్టిన వీరుల కోసం నగరికి

తిరుపతి బస్టాండు దగ్గర మేము దిగిన లాడ్జిలో, మెట్లెక్కే చోట, గోడకు నిలువెత్తు బొమ్మ ఒకటి ఉండేది. చంద్రగిరి కోట గుమ్మం ముందు కాపలా కాస్తున్న సైనికులు ముగ్గురు. మీసాలు, తలపాగాలు, నడుముకు బిగించిన పట్టీలు. ఇలాంటివి హోటళ్ళలో చాలా చూసినదాన్ని కాబట్టి మొదటిరోజు పట్టించుకోలేదు. కొండమీద దర్శనం చేసుకుని దిగివచ్చిన సాయంత్రం, సామాన్లు పైకి చేర్చేదాకా అక్కడ నిలబడాల్సి వచ్చినప్పుడు గమనించాను. పక్కనున్న ఇద్దరూ ఈటెల్ని కుడిచేత్తోనే పట్టుకున్నారు గానీ, మధ్యలో ఉన్నవాడు కత్తిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. నాదీ ఎడమచేతి వాటమే. అన్నం దగ్గరా, ఎవరికైనా కుంకుమ ఇచ్చేటప్పుడూ ‘ఆ చెయ్యి కాదు’ అనిపించుకుంటూ పెరిగాను. బొమ్మలోనైనా సరే, ఎడమచేత్తో కత్తి పట్టిన వీరుణ్ణి అంతకుముందు ఎక్కడా చూడలేదు.

కౌంటరు దగ్గరున్న మేనేజరును అడిగాను. “అది నగరి మాస్టరు వేసిందమ్మా. మునిరత్నం అని. కర్రసాము నేర్పిస్తాడు, బొమ్మలూ వేస్తాడు. ఎడమసెయ్యి ఎందుకని నేనూ అడిగినాను. ఆ మనిషిది ఆ సెయ్యే అనినాడు. ఆ మనిషెవరో మాత్రం సెప్పలేదు” అన్నాడాయన. మా తిరుగు రైలు మర్నాడు రాత్రికి. పిల్లలతో గదిలోనే ఉంటానని మావారు అన్నారు. నాకు ఒక పగలు చేతికి చిక్కింది.

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి కాబట్టి ఛార్జీలు ఇప్పటితో పోల్చుకోకండి. తెల్లవారి టిఫిన్ చేసి, రేణిగుంట, పుత్తూరు మీదుగా నగరి వెళ్ళే ఆర్టీసీ బస్సు ఎక్కాను. టిక్కెట్టు పాతిక రూపాయల లోపే. రెండు గంటలు పట్టింది. రైలు కావాలంటే రేణిగుంట నుంచి అరక్కోణం వైపు వెళ్ళేవి ఉన్నాయి కానీ, బస్సయితే రోడ్డు పక్క మామిడితోటలు చూస్తూ పోవచ్చు. పుత్తూరులో చేతికో కాలికో దెబ్బ తగిలినవాళ్ళు అరడజను మంది దిగారు. ఎముకలు సరిచేసి కట్టు కట్టే ఊరు కదా, ఆ స్టాపులో ఎప్పుడూ అంతేనట. పుత్తూరు దాటాక కిటికీలోంచి నగరి కొండ కనబడింది. ఎవరో వెల్లకిలా పడుకుని ముక్కు ఆకాశానికి పెట్టినట్టు ఉంటుంది.

బస్టాండు బయట ఆటో అతన్ని మునిరత్నం మాస్టరు ఇల్లు తెలుసా అని అడిగాను. “ఇల్లెందుకమ్మా, ఇప్పుడు షెడ్డులోనే ఉంటాడు. ఎక్కండి. నేనూ ఆయన కాడ నేర్సుకున్నోణ్ణే” అన్నాడు. బాగా వచ్చిందా అంటే నవ్వాడు. “తిప్పింది తక్కువ, తగిలించుకున్నది ఎక్కువ.” మగ్గాల చప్పుడు రెండువైపులా వినిపించే వీధులు దాటించి, ఊరి చివర రేకుల షెడ్డు ముందు దింపాడు. పదిహేను రూపాయలు తీసుకున్నాడు.

లోపల మట్టినేల. అప్పుడే సాధన ముగిసినట్టుంది, నాలుగైదుగురు చెమటలు తుడుచుకుంటూ కర్రలు మూలకు చేరుస్తున్నారు. అరవై ఏళ్ళ మనిషి ఒకాయన, బక్కగా, నిటారుగా ఉన్నాడు. కుడి మోకాలు మాత్రం వంగడం లేదు. గోడల వెంట గుడ్డమీద వేసిన బొమ్మలు. గుర్రం పక్కన నిలబడిన దళపతి, బురుజు ఎక్కుతున్న సైనికుడు, నది దాటుతున్న పాళెగాడు. ప్రతి బొమ్మలోనూ ముఖ్యమైన మనిషి ఎడమచేతి వాటంవాడే. నేను వచ్చిన పని చెప్పాను. ఇంత దూరం దీనికోసమా అని ఆయన ఆశ్చర్యపోయాడు. తరువాత లోపలి వైపు తిరిగి, “వళ్ళీ, ఆ కత్తి పట్టుకోని ఒకపారి నిలబడు మా” అని పిలిచాడు.

రంగులు కలుపుతున్న అమ్మాయి లేచి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. చేతులు పాత గుడ్డకు తుడుచుకుని, చెక్కకత్తిని ఎడమచేత్తో అందుకుని నిలబడింది. కుడికాలు ముందు, బరువంతా వెనక కాలి మీద, గడ్డం కొంచెం కిందికి. ఆమె వెనకే గోడమీద ఉన్న దళపతి అచ్చం అలాగే నిలబడి ఉన్నాడు. మీసం తీసేస్తే ఆమే.

“మా పాపేనమ్మా” అన్నాడు మాస్టరు.

కూర్చుని చెప్పాడు తన కథ. నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టాడు. మగ్గం మీద మనసు నిలవక పడుచుతనంలో మద్రాసు పోయి సినిమా బ్యానర్లు రాసే కంపెనీలో చేరాడు. పగలు నిచ్చెన మీద నిలబడి హీరోల మొహాలకు రంగు పూయడం, సాయంత్రం ఒక ముసలి గురువు దగ్గర కర్ర తిప్పడం. పెళ్ళయ్యాక నగరి తిరిగొచ్చి, పుత్తూరు, చిత్తూరు థియేటర్లకు బ్యానర్లు వేస్తూ పొద్దునపూట కర్రసాము నేర్పాడు. కూతురు తనకూ నేర్పమంది. తీరా మొదలుపెడితే ఏదీ కుదరలేదు. ఆయన చేసి చూపించినది ఆమె చేస్తే తప్పుగా ఉండేది.

“సెయ్యి మార్సుకోమని సెప్పమన్నారు అందరూ. నాకు మనసొప్పలా. నేనే మారినాను. నలబై ఏండ్లు దాటినాక ఎడమసేత్తో కర్ర పట్టుకోని మొదట్నించీ నేర్సుకున్నా. నా శిష్యుల కాడే దెబ్బలు తిన్నా. బరువు యాడ పడతాదో తెలియక, ఆ పిల్లను నిలబెట్టి, పాత బ్యానర్ల వెనకపక్క బొగ్గుతో గీసి సూసుకునేవాణ్ణి. ఒక దినం ఊరికే దానికి తలపాగా పెట్టి మీసం గీసినాను. సూస్తే సైనికుడు!”

చంద్రగిరి కోటకు ఎన్నోసార్లు పోయి రాళ్ళమీద చెక్కిన మనుషుల బట్టలు, ఆయుధాలు చూసి వచ్చాడట. పాతకాలపు వీరులకు ఆమె పోలికలు ఇవ్వడం సరేనా అని అడిగాను. “రాజులకు విగ్రహాలు ఉండాయి. కోట గుమ్మం కాడ నిలబడినోడు ఎట్ల ఉండినాడో ఎవురు సూసినారమ్మా? మా పాప మాదిరి ఉండినాడని నేనంటే, కాదనేదానికి ఎవురుండారు?”

ఆ మాటల్లో ఉండగానే బయట జీపు ఆగింది. చిత్తూరులో మామిడి వ్యాపారం చేసే చెంగల్రాయుడు అనే ఆయన లోపలికి వచ్చాడు. కొత్తగా కళ్యాణమంటపం కట్టిస్తున్నాడు. దాని ముందు హాలు కోసం పెద్ద బొమ్మ వెయ్యమని ముందే చెప్పి ఉన్నాడు. గోడమీదున్న దళపతి బొమ్మే అది. మాస్టరుకు అది చిన్న సంగతి కాదని వళ్ళి మెల్లగా నా చెవిలో చెప్పింది. గుడ్డ బ్యానర్లు పోయి ఫ్లెక్సీలు రావడంతో థియేటర్ల పని ఆగిపోయింది. బ్యానరు కట్టేటప్పుడు ఎక్కి నిలబడే సారువ కర్రల మీద నుంచి పడి మోకాలు దెబ్బతిన్నాక, పుత్తూరు కట్టుతో నడక వచ్చింది గానీ నేర్పడమూ తగ్గింది.

చెంగల్రాయుడు బొమ్మను చాలాసేపు చూశాడు. “బొమ్మకు వంక లేదు మాస్టరన్నా. ఆ సెయ్యొక్కటి మార్సు. పెండ్లిండ్లు జరిగే సోటు. గుమ్మంలోనే ఎడమసెయ్యి ఎత్తుకోని ఉంటే పెద్దోళ్ళు ఒప్పుకోరు.” కోపంగా అనలేదు, బతిమాలినట్టే అన్నాడు.

మాస్టరు బొమ్మ వైపు తిరిగాడు. వళ్ళే అంది, “మార్సేయి నాయనా. ఉత్త బొమ్మే కదా.” ఆ మాట అంటున్నప్పుడు ఆమె బొమ్మకేసి చూడలేదు. నేను ఉండబట్టలేక, బొమ్మ మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి వేస్తే సరిపోదా అన్నాను.

“వెయ్యొచ్చమ్మా, కష్టమేమీ లేదు. మద్రాసులో ఎంతమంది హీరోలను తిప్పినానో” అన్నాడాయన. “కానీ తిప్పితే ఆడ ఉండేది ఎవురో అయిపోతాది.”

అప్పుడు మాస్టరు లేచి వళ్ళి చేతిలోని చెక్కకత్తి తీసుకున్నాడు. కుడిచేత్తో పట్టుకుని షెడ్డు నడుమ నిలబడ్డాడు. “వళ్ళీ, బొగ్గు తీసుకో.”

“నేనా? నేను రంగులు నింపేదే గాని మనిషిని యాడ గీసినాను నాయనా!”

“ఇన్నాళ్ళూ నువ్వు నిలబడినావు, నేను గీసినా. ఇప్పుడు నేను నిలబడతా. కుడిసేతి మనిషి కావల్ల కదా, ఈడ ఉండాడు.”

ఆమె ఖాళీ గుడ్డ ముందు చాలాసేపు నిలబడింది. తరువాత ఎడమచేత్తో బొగ్గు పట్టుకుని భుజం నుంచి ఒక గీత కిందికి లాగింది. చెరిపింది. మళ్ళీ లాగింది. మాస్టరు కాలు వణకడం నాకు కనబడుతూనే ఉంది. “నొప్పెడతా ఉంటే కూసో నాయనా” అంది. “వంగని కాలు వంగినట్టు వెయ్యద్దు, అంతే” అన్నాడాయన. జీపు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. చెంగల్రాయుడు వెళ్ళలేదు, కర్రల పక్కన బల్లమీద కూర్చుండిపోయాడు. గుడ్డమీద ఒక వయసు మళ్ళిన యోధుడు మెల్లగా తయారయ్యాడు. బరువంతా ఒక కాలిమీద వేసి, రెండోకాలు కర్రలా చాపి, అయినా కదలనని నిలబడినవాడు.

“ముసిలోడు కదా పాపా” అన్నాడు చెంగల్రాయుడు చివరికి.

“కుడిసెయ్యే కదా అన్నా మీరు అడిగింది?” అంది వళ్ళి. షెడ్డంతా నవ్వింది, ఆయన కూడా. మీసమైనా నల్లగా ఉండాలన్నాడు. తెల్లగానే ఉంటుందని ఆమె అంది. ఇంట్లో అడిగి చెబుతానని ఆయన వెళ్ళిపోయాడు. మాస్టరు కూర్చుని మోకాలు రుద్దుకుంటూ ఆ బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపుల్లో ఉన్నది గర్వమో, కొత్త మనిషిని చూసిన ఆశ్చర్యమో నేను చెప్పలేను. వళ్ళి నాకు రాగిసంగటి, నంజుకోడానికి చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. మధ్యాహ్నం బస్సుకు తిరుపతి చేరాను.

ఆ తరువాత రెండేళ్ళకు, స్నేహితురాలి తమ్ముడి పెళ్ళికి చిత్తూరు వెళ్ళాను. ఆ మంటపమే అని తెలియదు. లోపల అడుగుపెట్టగానే ఎదురుగా ఆ ముసలి యోధుడు. మీసం నెరిసీ నెరవనట్టుంది. బేరం మధ్యలో ఎక్కడో కుదిరినట్టుంది. కింద మూలన వళ్ళి పేరు ఉంది. అక్కడే తిరుగుతున్న చెంగల్రాయుడు నన్ను గుర్తుపట్టి, ఇప్పుడు మనుషుల్ని ఆ అమ్మాయే గీస్తుందనీ, తండ్రి పక్కన కూర్చుని రంగులు నింపుతాడనీ చెప్పాడు. “తప్పులు పడితే కూతురు గదమాయిస్తాది” అని నవ్వాడు. పెళ్ళికొచ్చిన పెద్దవాళ్ళు ఒకరిద్దరు ఆ బొమ్మముందు ఆగి, తమ మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటూ పోవడం చూశాను.

చరిత్ర చదివేటప్పుడు ఆ మనుషులు ఎలా నిలబడేవాళ్ళో, ఎక్కడ నొప్పి పుట్టేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఏ కోటకు వెళ్ళినా గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగి, ఇక్కడ కాపలా ఉన్నవాడు ఏ కాలిమీద బరువు వేసి ఉంటాడా అని చూస్తాను. మీరు అటువైపు వెళ్తే ఒక్క సలహా. ఇలాంటి సాధనశాలలు, పనిచేసే చోట్లు చూడాలంటే తిరుపతి నుంచి తెల్లవారుజామున తొలి బస్సుకే బయలుదేరండి. ఎండెక్కితే అక్కడ గోడలమీది బొమ్మలు తప్ప మనుషులు కనబడరు.