నలపని గోధుమలు

మా పాపకు ఏడో నెల వచ్చింది, బరువు మాత్రం రాలేదు. తూకం మీద పడుకోబెట్టిన ప్రతిసారీ డాక్టరమ్మ పెదవి విరిచేది. అప్పటిదాకా పాప తిండి సంగతంతా మా అత్తదే. రాగులు నానబెట్టి, రుబ్బి, పాత పంచెగుడ్డలో వడగట్టి, ఆ పాలు చిక్కగా కాచి పట్టేది. మా ఆయన్నీ, ఆయన తోబుట్టువుల్నీ అలాగే పెంచింది. ఇందిరా నగర్‌లో మా వీధివాళ్ళు కూడా పిల్లల తిండి గురించి ఆమెనే అడిగేవాళ్ళు. ఆ సంగతి చెప్పుకోవడం ఆమెకు మహా ఇష్టం.

ఒకసారి డాక్టరమ్మ దగ్గరికి ఆమె కూడా వచ్చింది. డాక్టరమ్మ నన్ను వదిలేసి తమిళంలో ఆమెకే చెప్పింది. వడగట్టిన పాలు చాలవు, ఇకమీదట ముళు దానియం పెట్టండి, ఒకటి అలవాటయ్యాకే ఇంకొకటి మొదలుపెట్టండి అంది. అంతే, తరువాతి బిడ్డను పిలిచేశారు.

ఆ 'ముళు' దగ్గరే మా కొంప మునిగింది. ముళు అంటే మొత్తం. పొట్టు తీయకుండా, వడగట్టకుండా గింజ మొత్తాన్నీ పిండి చేసి కాచమని డాక్టరమ్మ ఉద్దేశం. తరతరాలుగా పుదుచ్చేరిలో ఉంటున్నాం, మా ఇంటి తెలుగులో సగానికి సగం తమిళమే. సాంబారులో మిరపకాయ ముళుసా వెయ్యి అంటే, తుంచకుండా వెయ్యమని మా అర్థం. కాబట్టి ముళు దానియం అంటే అత్తకు నలపని గింజ. ఇద్దరిలో ఎవరూ తప్పు మాట అనలేదు. ఎవరినైనా తిట్టి కడుపుమంట తీర్చుకుందామన్నా దారి లేదు నాకు.

ఆదివారం పొద్దున అత్త నానబెట్టిన గోధుమల్ని కుక్కర్లో మెత్తగా ఉడికించింది. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. కింద కేరింతలు కొడుతున్న పాప గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది. పరుగున దిగి వచ్చేసరికి పాప నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు, పెదవులు నీలం తిరిగాయి. ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి వంచి వీపు మీద చరిచాను. గింజ నేల మీద పడింది. అప్పుడు గొంతు చించుకుని ఏడ్చింది నా బిడ్డ.

తట్టాంచావడి ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసే మా ఆయన ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. వచ్చి గిన్నెలోకి చూశాడు.

"ఏంది మా ఇది, పళ్ళు రాని బిడ్డకి గోధుమలు ముళుసా పెడితివా?"

"నలిపేదానికి చెయ్యి పోతానే ఉండె," అంది అత్త. "డాక్టరమ్మ ముళుసా అనింది గదా అని ఆపుకుంటిని."

"ఇంక నీ చెయ్యి దాని నోటికాడికి రాకూడదు," అన్నాడు.

కదిర్కామంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి చూపిస్తే ఊపిరితిత్తుల్లో ఏమీ లేదన్నారు. ఆయన కోపం అక్కడే దిగిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఇంటికొచ్చి తల్లి ముందు కూర్చుని, పాపకు మళ్ళీ నువ్వే పెట్టమని బతిమాలాడు. ఆమె కాఫీ ఇచ్చింది గాని మాట ఇవ్వలేదు.

అప్పటినుంచి తిండి పెట్టడం నా వంతయింది. డాక్టరమ్మ ఈసారి నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. రాగులు పొట్టుతోనే మర పట్టించి, ఉండలు లేకుండా జావ కాస్తున్నాను. అదొక్కటే కొన్నాళ్ళు పెట్టి, ఒంటి మీద దద్దుర్లూ వాంతులూ లేవని చూసుకున్నాకే గోధుమపిండి జోలికి పోవాలి. అన్నీ పద్ధతిగానే చేస్తున్నాను. తినేవాళ్ళేరీ? పాప దవడ బిగిస్తుంది. కాకిని చూపిస్తాను, పాట పాడతాను, చివరికి కసురుతాను, తర్వాత నేనే ఏడుస్తాను. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి ముక్కులో గొట్టం వెయ్యాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పేసింది. ఆ మాట విన్నప్పటినుంచి నాకూ ముద్ద దిగడం లేదు. కన్నబిడ్డకు ఇంత జావ తాగించలేని నేనేం తల్లిని?

అత్త ఇంటి పనంతా చేస్తుంది. పాప బట్టలు ఉతుకుతుంది, ఊయల ఊపుతుంది. కానీ ఇంతకుముందు "నా తల్లి" అన్న నోటితోనే ఇప్పుడు "నీ బిడ్డ లేసింది మా" అంటుంది. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, ఆ వెంటనే ఆమె మీద జాలి వేస్తుంది.

మొన్న పొద్దున పాప జావంతా నా చీర మీదికి ఊసేసింది. ఇక నావల్ల కాలేదు. గిన్నె పట్టుకుని, పాపను చంకనేసుకుని అత్త దగ్గరికే పోయాను.

"మీ కొడుకు బుద్ధి లేక అనేశాడు అత్తా. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క చెంచా మీరు పెట్టండి."

"వద్దు మా. పెట్టాలనే ఉండాది. చెయ్యి రాలేదు. బయమయితాది."

చంకలోని పాప ఆమె వైపు వంగింది. నేనెంత బతిమాలినా తెరవని నోరు, ఆమెను చూసి ఇంతలావున తెరిచింది. అత్త చూసింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వాకిలి వైపే చూస్తూ పాప ఇంకా నోరు తెరిచే ఉంది. ఇదే అదననుకుని నేను చెంచా అందించాను. నోరు మూసేసింది.