మ్యాపులో లేని ఏడు మెట్లు

ముందే ఒప్పుకుంటాను. ఈ వ్యవహారంలో మొదటి నుంచి చివరిదాకా తెలివితక్కువవాణ్ని నేనే. దెయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. అసలు ఇందులో దెయ్యం లేదు కూడా. ఉన్నదల్లా మా అత్తయ్య, ఒక పాత మ్యాపు, నేను తయారుచేసిన ఒక ఎక్సెల్ షీటు. ఈ మూడింటిలో ఇప్పటికీ తెరవాలంటే నాకు వణుకు పుట్టేది ఆఖరిదే.

నేను అమెరికాలో, బెంటన్‌విల్ అనే ఊళ్లో కాంట్రాక్టు మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. సందు దొరికితే చాలు, తప్పు పట్టేస్తాను. పదిహేనేళ్లు అదే పని చేశాక ఆ అలవాటు ఆఫీసులోనే ఆగిపోదు. ఒకసారి పప్పులో ఉప్పు తగ్గితే మా ఆవిడ శైలజతో "రావలసిన ఫలితం ఇది, వచ్చిన ఫలితం ఇది" అన్నాను. మర్నాడు వంట నేనే చేశాను. అది కూడా ఒక ఫలితమే.

అత్తయ్య నాలుగేళ్లుగా మాతోనే ఉంటున్నారు. వాళ్లది బాపట్ల. యాభై ఏళ్ల కిందట, తనకు ఇరవై మూడేళ్లప్పుడు, నర్సు ఉద్యోగానికి ఒంటరిగా ఇంగ్లండు వెళ్లారు. ఉత్తరాదిన బట్టల మిల్లుల ఊరొకటి. అక్కడి ఆస్పత్రిలో మూడేళ్లు పనిచేసి, తిరిగొచ్చి పెళ్లి చేసుకుని, గుంటూరులో రిటైరయ్యారు. ఆ ఊరి పేరు రాయొద్దన్నారు. వాళ్లు మళ్లీ డ్యూటీకి పిలుస్తారేమోనని ఆవిడ భయమట.

రోజూ పొద్దున పదింటికి లైబ్రరీకి నడిచి వెళ్లడం ఆవిడ అలవాటు. పాల డబ్బా కావాలన్నా కారు తీయాల్సిన ఊరు మాది. అలాంటి చోట చీర మీద స్వెటరు, కాళ్లకు తెల్ల బూట్లు వేసుకుని నడిచే మనిషి ఆవిడొక్కరే. లైబ్రరీ ముందు బెంచీ మీద కాసేపు కూర్చుని, లోపల బొమ్మల పుస్తకాలు తిరగేసి, ఇంటికొచ్చేవారు. "మిగతా రోజంతా మీది బాబూ. ఆ గంటన్నర మాత్రం నాది" అనేవారు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒకనాడు ఆ గంటన్నర రెండున్నర గంటలైంది. ఫోన్ ఇంట్లోనే వదిలేసి వెళ్లారు. శైలజ కారేసుకుని రెండు చుట్లు తిరిగింది. లైబ్రరీలో లేరు, దారిలో లేరు. ఇంటికొచ్చి చూస్తే అత్తయ్య గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్నారు.

అంతకు ముందు వారమే ఆవిడ పక్కింటావిడ పేరు మరిచిపోయారు. పులుసులో రెండుసార్లు ఉప్పు వేశారు. శైలజ ఇవన్నీ కలిపి కూడుకుంది.

"అమ్మా, ఇంక ఒక్కదానివీ బయటికి వెళ్లొద్దు. అంతే." అంటూనే ఏడ్చేసింది.

"నేనేం తప్పిపోలేదే. ఎండ బాగుందని ఇంకో దారిన వచ్చాను."

"తప్పిపోయినవాళ్లంతా అలాగే అంటారమ్మా."

అత్తయ్య నా వైపు తిరిగారు. "ఏం అల్లుడుగారూ, నా బుర్ర చెడిందంటారా? యాభై ఏళ్ల కిందటి ఊరు అడగండి. మా నర్సుల హాస్టల్ గుమ్మం నుంచి ఆస్పత్రి గుమ్మం దాకా ప్రతి మలుపూ చెబుతాను. ఒక్కటి తప్పినా ఈ బూట్లు మీకిచ్చేస్తాను, ఇంట్లో కూర్చుంటాను."

బుద్ధున్న అల్లుడెవడైనా అక్కడ నవ్వేసి, టీ పెట్టి ఊరుకునేవాడు. నేను లాప్‌టాప్ తెరిచాను.

బ్రిటన్ ఊళ్ల పాత ఫోటోలు, పాత మ్యాపులు పెట్టే ఒక వెబ్‌సైటుంది. ఊరి పేరు కొడితే ఆ ఊరి మ్యాపులు తరాలవారీగా వస్తాయి. కింద ఒక మీట ఉంటుంది. దాన్ని జరిపితే కొత్త ఊరు చెరిగి పాత ఊరు తేలుతుంది. ఫోటోల కింద ఆ ఊరివాళ్లు తమ జ్ఞాపకాలు రాసుకుంటారు. ఈ కొట్లో మా నాన్న బూట్లు కుట్టేవాడు, ఈ గోడ మీంచి నేను పడ్డాను, ఇలాంటివి.

అత్తయ్య వెళ్లడానికి కొద్దిగా ముందు గీసిన మ్యాపు తీశాను. స్క్రీను ఆవిడకు కనిపించకుండా తిప్పుకున్నాను. ఎక్సెల్ షీటు తెరిచి, వరస సంఖ్య, ఆవిడ చెప్పింది, మ్యాపులో ఉన్నది, పాసా ఫెయిలా అని గళ్లు గీశాను. నా పెళ్లి రోజు కూడా అంత శ్రద్ధగా లేను.

ఆవిడ కళ్లు మూసుకుని నడవడం మొదలుపెట్టారు. హాస్టల్ గుమ్మం దిగి ఎడమకి. మూలన రొట్టెల కొట్టు. ఎదురుగా పోస్టాఫీసు. రెండు సందులు దాటాక ఎర్ర ఇటుకల చర్చి. మ్యాపు మీద నా వేలు, ఆవిడ మాట వెనక పరుగెడుతోంది. పదమూడు గుర్తులు చెప్పారు. పదమూడూ పాస్.

"చర్చి దాటగానే కుడివైపు చిన్న సందు. ఏడు మెట్లు దిగాలి. పట్టుకోడానికి ఇనుప కమ్మీ ఎడంపక్కే ఉంటుంది. కింద నీళ్ల పంపు, దానికి సింహం మొహం. మూడో మెట్టు మీద ఒక ముసలావిడ కూర్చునేది. 'మెట్లు చూసుకో తల్లీ' అన్నట్టు ఏదో అనేది, వాళ్ల యాసలో. సందు చివర ఆస్పత్రి వెనక గేటు. మొత్తం ఎనిమిది నిమిషాలు."

నా వేలు ఆగిపోయింది. చర్చి పక్కన బస్సుల డిపో ఉంది. రెండూ ఒకే గోడ.

"అక్కడ సందు లేదు అత్తయ్యా."

"ఉంది."

"మ్యాపులో లేదండీ."

"ఎనిమిదింటికి డ్యూటీ ఆ మ్యాపు గీసినవాడికా, నాకా?"

"ఆ సందు మీకు ఎవరు చూపించారు?"

"ఎవరూ చూపించలేదు. ఒకరోజు ఆలస్యమైపోయి పరుగెత్తుతుంటే కనిపించింది. అప్పటినుంచి అటే. దారి నాకు తెలియదు బాబూ, కాళ్లకు తెలుసు."

పద్నాలుగో వరసలో ఆవిడ చెప్పినదంతా, సింహం మొహంతో సహా, అక్షరం పొల్లుపోకుండా రాసి, ఎదురుగా ఎర్ర గడిలో 'ఫెయిల్' అని కొట్టాను. షీటు శైలజకు పంపాను. అదీ నేను చేసిన ఘనకార్యం.

మర్నాడు పొద్దున చెప్పుల స్టాండులో నా బూట్ల పక్కన ఆ చిన్న తెల్ల బూట్లు కనిపించాయి. లేసులు చక్కగా ముడివేసి ఉన్నాయి. అన్న మాట ప్రకారం ఇచ్చేశారు. పదయ్యేసరికి స్వెటరు వేసుకుని వంటింటి కిటికీ దగ్గర కూర్చునేవారు. నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పనిచేస్తాను. పదింటి మీటింగులో ఎవరేం మాట్లాడారో ఆ రెండు వారాలు నాకు గుర్తులేదు. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాం. వయసుకు తగ్గ మరుపే, అంతకు మించి ఏమీ లేదన్నాడు. శైలజకు మాత్రం ఆ పద్నాలుగో వరస కళ్లలో నాటుకుపోయింది. లేని వీధిలో రోజూ నడిచానంటున్న అమ్మను ఉన్న వీధిలోకి ఎలా పంపడం అంది.

రెండో శనివారం మధ్యాహ్నం మళ్లీ ఆ మ్యాపు తీశాను. ఆవిడ తప్పు కాదు, నా పరీక్షలో తప్పు ఏదైనా దొరుకుతుందేమోనని. మీట పట్టుకుని అటూ ఇటూ జరుపుతుంటే అది జారి చివరికంటా, అన్నిటికంటే పాత మ్యాపు దగ్గరికి, పోయింది.

డిపో లేదు. చర్చికి కుడిపక్కన సన్నటి సందు ఉంది. సందు నోట్లో మెట్లను చూపే అడ్డగీతలు. పెద్దది చేసి లెక్కపెట్టాను. ఏడు. కింద పంపును సూచించే అక్షరం. సందు చివర ఆస్పత్రి వెనక గోడ, అందులో గేటు.

దాని తర్వాతి మ్యాపులో ఆ సందు లేదు. అది గీసేనాటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాలేదు. అత్తయ్య ఇంకా పుట్టలేదు.

నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి, తప్పు దొరకనందుకు భయం వేసింది.

ఆ సైటులో చర్చి ఫోటో కింద ఒక ప్రశ్న పెట్టాను. ఈ చర్చి పక్కన ఎప్పుడైనా సందు ఉండేదా అని, అంతే. మెట్ల సంగతి, పంపు సంగతి, ముసలావిడ సంగతి రాయలేదు. టెస్టరు సాక్షి నోట్లో మాట పెట్టడు. నాలుగు రోజులకు జీన్ అనే పెద్దావిడ జవాబిచ్చింది. వాళ్ల అమ్మమ్మ చిన్నప్పుడు ఆ సందులోనే ఉండేదట. బిస్కెట్ల డబ్బాలో అప్పటి ఫోటో ఒకటి ఉందట. ఎప్పుడూ ఎవరికీ చూపించలేదు, మనవడితో స్కాన్ చేయించి పెడతానంది.

పెట్టింది. ఏడు మెట్లు. ఎడంపక్క కమ్మీ. సింహం మొహం పంపు. మూడో మెట్టు మీద తలగుడ్డ కట్టుకున్న ముసలావిడ. ఫోటో తీసేటప్పుడు తల తిప్పినట్టుంది, మొహం కొంచెం చెదిరింది.

ఏమీ చెప్పకుండా దాన్ని ప్రింటు తీసి అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చూసి, పాత స్నేహితురాలు కనిపించినట్టు నవ్వారు.

"ఈవిడే. చూశారా, నా అడుగుల చప్పుడు వినగానే ఇలాగే తిరిగేది."

నా వెనక నిలబడ్డ శైలజ కుర్చీలో కూర్చుండిపోయింది. ఆ ఫోటో నాటికి అత్తయ్య తల్లిగారే పుట్టి ఉండరు.

నేను వెళ్లి తెల్ల బూట్లు తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాను. "తీసుకోండి అత్తయ్యా. నాకు పట్టడం లేదు."

"మీరు వేసుకుని చూశారా?" అన్నారు. ఆ నవ్వు చూశాక శైలజ కూడా మెత్తబడింది. ఫోన్ జేబులో పెట్టుకోవాలి, అదొక్కటే షరతు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. ఆస్పత్రి గోడకు ఆ ఫోటో ఉండేదేమో అనుకున్నాను. అది డబ్బా దాటలేదని జీన్ ఒట్టేసింది. ముసలి పేషెంటు ఎవరైనా చెప్పారేమో అంటే, మెట్ల మీద కాళ్లు జారుతూ నడిచింది తానేనంటారు అత్తయ్య. డిపో చుట్టూ తిరిగి వెళితే ఆస్పత్రికి ఇరవై నిమిషాలకు తక్కువ పట్టదు. అత్తయ్య అప్పటి రూమ్మేటు, ఒక మలయాళీ నర్సు, ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉంది. ఫోన్ చేశాను. "నాకంటే పది నిమిషాలు వెనక బయల్దేరేది. నేను వెళ్లేసరికి టోపీ సర్దుకుంటూ వార్డులో ఉండేది. మేమెవరం అర్థం చేసుకోలేకపోయాం" అంది.

ఆవిడ మతిమరుపుకు రుజువుగా రాసుకున్న షీటే, ఫోటో బయటపడక ముందే ఆవిడకు అన్నీ తెలుసనడానికి ఇప్పుడు నా దగ్గరున్న ఏకైక రుజువు. బగ్గులు తేల్చగలను గానీ దీని నిగ్గు తేల్చలేకపోయాను. పద్నాలుగో వరసలో 'ఫెయిల్' తీసేశాను. 'పాస్' అని రాయడానికీ చెయ్యి రాలేదు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. అప్పటినుంచి అత్తయ్య నడక మీద నాకు కన్ను పడింది. మా ఇంటి నుంచి లైబ్రరీకి నడిస్తే ఇరవై రెండు నిమిషాలని ఫోన్ చెబుతుంది. డెబ్బై దాటిన మనిషి పది, పదకొండు నిమిషాల్లో చేరుతున్నారు. మూడుసార్లు పందెం కట్టాను. ఇద్దరం ఒకేసారి బయల్దేరాం, ఎవరి దారి వాళ్లది. మూడుసార్లూ నేను చెమటలు కక్కుతూ వెళ్లేసరికి ఆవిడ బెంచీ మీద ఉన్నారు. "ఇప్పుడా రావడం?" అనేవారు. ఏ దారి అంటే, కాళ్లకు తెలుసనేవారు.

వెనకాలే వెళ్లి చూడొచ్చుగా అని మీరు అడుగుతారు. వెళ్లాను. పొదల కంచె ఉన్న మూలింటి దగ్గర ఆవిడ కుడికి తిరిగారు. మ్యాపు ప్రకారం అక్కడ కుడివైపు దారి లేదు. దెయ్యాల్ని నమ్మను అన్నాను కదా. అయినా ఆ మూల దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను.

పోయిన నెలలో మాత్రం పగ తీర్చుకున్నాను. ఆవిడ గుమ్మం దాటి మలుపు తిరగగానే గరాజులోంచి కారు తీశాను. లైబ్రరీ వెనక పార్క్ చేసి, రెండు కప్పుల కాఫీ పట్టుకుని, ఆవిడ బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. కారులో వెళ్లి కూడా నేను గెలిచింది రెండు నిమిషాలతోనే, అది వేరే సంగతి.

అత్తయ్య నన్ను చూసి ఠక్కున ఆగిపోయారు. ఇన్నేళ్లలో ఆవిడ ముఖంలో ప్రశ్న చూడటం అదే మొదలు.

"ఇప్పుడా రావడం?" అన్నాను.

"ఎటు వచ్చారు బాబూ?"

"దారి నాకు తెలియదు అత్తయ్యా. కాళ్లకు తెలుసు."

ఆవిడ నా కాళ్ల వైపు చాలాసేపు చూశారు. కాఫీ అందుకున్నారు గానీ తాగలేదు. అప్పటినుంచి రోజుకొకసారైనా అడుగుతున్నారు, ఎటు వచ్చారో చెప్పరూ అని. కారు తాళాలు జేబులో గలగలమనకుండా పట్టుకుని, ముందు మీరు చెప్పండి అంటున్నాను.