చదవనివ్వని సినిమా

గట్టయ్య మాట్లాడితే బెల్లంపల్లి కార్మికవాడలో పక్క వీధికి కూడా వినిపిస్తుంది. ఆయనకు మాత్రం వినిపించదు. బొగ్గుబాయిలో డ్రిల్లు మిషను పట్టుకుని బతుకంతా గడిపిన మనిషి, చెవులు రెండూ ఆ మిషనుకే ఇచ్చి వచ్చాడు. కూరగాయల బండి దగ్గర బేరమాడితే దారిన పోయేవాళ్లు కొట్లాట అనుకుని ఆగుతారు. భార్య అనసూర్య ఎదురుగా నిలబడి, పెదవులు సాగదీస్తూ చేతులు తిప్పుతూ చెబితే సగం సంగతి అందుకుంటాడు. మిగతా సగానికి గోడకు వేలాడే పలక ఉంది. తెలుగు గడగడా చదువుతాడు. ఇంగ్లీషు రాదు.

పక్క వరుసలో ఉండే దీపిక ఆయన్ని పెద్దబాపు అని పిలుస్తుంది. బాయిలో పైకప్పు కూలి చనిపోయిన నాగయ్య కూతురు. నాగయ్య, గట్టయ్య ఒకే జట్టు, ఒకే షిఫ్టు. తండ్రి పోయినప్పుడు చిన్నపిల్ల, ఇప్పుడు గని ఆఫీసులో గుమస్తా. ఆ పిల్లే తన ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టింది. వీడియోలో ఎవరు ఏం మాట్లాడినా విని, కింద పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో రాస్తుందది. ఏళ్ల తరబడి ఊరికే కదిలిన మూతులకు గట్టయ్య ఇంట్లో మాటలొచ్చాయి. నాయకుల ఉపన్యాసాలు వరుసబెట్టి చదివి, ఇన్నాళ్లు వినబడకపోవడమే మేలైందన్నాడు.

అంతకు కొన్నాళ్ల ముందు సినిమావాళ్లు వచ్చి వెళ్లారు. బాయి బతుకుల మీద సినిమా తీస్తున్నామని, నాగయ్య పోయిన రోజు ఏం జరిగిందో చెప్పమని అడిగారు. అనసూర్య చాయ్ పోసింది. దీపిక వాళ్ల ప్రశ్నలు పలక మీద రాస్తుంటే గట్టయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. "కప్పు కూలుతదని మా జట్టు మీది సర్దారు విజిల్ ఊదిండు. నేను డ్రిల్లు మీదున్న, నాకు ఇనబడలే. నాగయ్యకు ఇనబడ్డది. వాడు బయటికి ఉరకాలె. నా కోసం లోపలికి ఉరికొచ్చిండు. నన్ను నూకిండు, వాని మీద పడ్డది." చెబుతూ ఏడ్చాడు. ఆ ఏడుపును కూడా కెమెరాలో పట్టుకుని, దండం పెట్టి వెళ్లిపోయారు.

సినిమా డబ్బు కట్టి చూసే వెబ్‌సైట్‌లో వచ్చింది. చందా నేను కడతానని దీపిక అంటే గట్టయ్య ఒప్పుకోలేదు. తన పింఛను డబ్బుతో, తన పేరు మీదే తీసుకోవాలన్నాడు. దీపిక బ్రౌజర్ తెరిచి సినిమా పెట్టింది. బొమ్మ వచ్చింది. అక్షరాల ప్రోగ్రాం నొక్కగానే తెర నల్లబడింది. ప్రోగ్రాం ఆపితే బొమ్మ, పెడితే నలుపు. సినిమావాళ్లు సొంతంగా ఇచ్చిన అక్షరాలు ఉన్నాయి గానీ అవి ఇంగ్లీషువి. గట్టయ్యకు అవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

దీపిక కనుక్కుని వచ్చి పలక మీద రాసి రాసి చెప్పింది. కాపీ కొట్టే దొంగల కోసం బ్రౌజర్ లోపలే తాళం పెట్టారట. మన ప్రోగ్రాం మాటలను పట్టుకుని అక్షరాలు చేస్తుంది కాబట్టి ఆ తాళం లెక్కలో మనమూ దొంగలమేనట. ఈ తాళం గురించి లోకంలో పెద్దపెద్ద వాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అది లేకపోతే సినిమా తీసినవాడు మునిగిపోతాడని ఒక పక్షం. కళ్లు లేనివాళ్లు, చెవులు లేనివాళ్లు తమకు తగ్గట్టు మార్చుకుని చూసే దారి మూసుకుపోతుందని ఇంకో పక్షం. చివరికి తాళమే గెలిచింది. ఆ వాదనకు బెల్లంపల్లి నుంచి ఎవరినీ పిలవలేదు. పిలిచి ఉంటే గట్టయ్యకు మైకు కూడా అక్కర్లేకపోయేది.

"పైసలు గట్టినోడు దొంగెట్లైతడు?" అని మాత్రం అడిగాడాయన. 

సాయం కావాలంటే వెబ్‌సైట్‌లో ఒక ఫోన్ నంబరు ఇచ్చారు. దీపిక చేస్తే, చందా ఎవరి పేరు మీద ఉందో వాళ్లే మాట్లాడాలన్నారు. ఆయనకు వినబడదు, ఆ సంగతి చెప్పడానికే ఫోన్ చేశానంటే, సరే, ఒక్కసారి ఆయనకు ఇవ్వండి అన్నారు. ఇలాంటి బుర్రలకు జీతాలిచ్చి కూర్చోబెట్టిన వాళ్లను ఏమనాలి! గట్టయ్య ఫోన్ అందుకుని కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. అవతలివాళ్లు ఎప్పుడు పెట్టేశారో తెలియక చాలాసేపు తిడుతూనే ఉన్నాడు.

అప్పుడు దీపిక, నేను వింటూ రాస్తాను, నువ్వు చదువుకో అంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. పైకప్పు కూలే ఘట్టం దాకా బాగానే సాగింది. తరువాత విచారణ. తెర మీద సర్దారు వేషం కట్టినవాడు గట్టయ్య వేషం వేసినవాడి వైపు వేలు చూపిస్తూ ఆగకుండా మాట్లాడుతున్నాడు. దీపిక 'అందరూ బాధపడుతుండ్రు' అని మాత్రం రాసింది. గట్టయ్య పలక చూశాడు, తెర చూశాడు. పెదవులు చూస్తూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

"గంత పొడుగు మాటకు గింతేనా బిడ్డా?" అన్నాడు.

దీపిక తల దించుకుంది. అనసూర్య లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. వాళ్లిద్దరూ ముందే చూశారని, తన గురించి ఏదో అన్నారని ఆయనకు అర్థమైంది.

ఆ మరునాటి నుంచి గట్టయ్యకు అన్నం సహించలేదు. చాయ్ హోటల్‌కు వెళితే అక్కడి మూతులు ఒక్కసారిగా ఆగిపోతున్నాయి. వాడ మొత్తానికి తెలిసిన మాట తన ఒక్కడికే తెలియదు. అది కూడా ఓర్చుకునేవాడే. కానీ నాగయ్య భార్య శ్యామల, రోజూ ప్రహరీ మీదుగా చేయి ఊపి పలకరించే మనిషి, ఎదురుపడితే మొహం తిప్పుకుంటోంది. ఏం విన్నది? ఏం నమ్మింది? నాగయ్య ఇంటివాళ్లు తన గురించి తప్పుగా అనుకుంటే ఇక ఈ వాడలో తలెత్తుకుని ఎలా తిరగాలి?

ఇంతా చేస్తే, ఆ హోటల్‌లో ఒక్కడు కూడా చందా కట్టలేదు. సినిమా వచ్చిన మరునాడే తాళం లేని దొంగ కాపీ వాడలోని ఫోన్లన్నిటిలోకి ఎక్కింది. ఎవరిని ఆపాలని తాళం పెట్టారో వాళ్లు హాయిగా చాయ్ తాగుతూ చూస్తున్నారు. డబ్బు కట్టిన చెవిటివాడు గడప బయట నిలబడ్డాడు. ఇదేం న్యాయమో ఆ తాళం చేసినవాళ్లే చెప్పాలి.

గట్టయ్య ఆ కాపీని పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని దీపిక ముందు పెట్టాడు. ఆ పిల్ల భయపడింది. అది నేరమని, తనది ఆఫీసు ఉద్యోగమని పలక మీద రాసింది.

"నువ్వు దయతోని దాస్తున్నవ్, నాకు ఎరుకే. నాకు దయ వద్దు బిడ్డా, అక్షరాలు గావాలె. మంచో చెడో నేనే సదువుకుంట" అన్నాడాయన. ఆ ఒక్కసారి మాత్రం గొంతు పెద్దది చేయలేదు.

దీపిక పెట్టింది. ఈసారి తెర నల్లబడలేదు. సర్దారు మూతి కదులుతుంటే కింద పెద్ద అక్షరాలు పడ్డాయి: 'వీనికి విజిల్ ఇనబడ్డది. చెవిటోని లెక్క ఏషమేస్తుండు. దోస్తును లోపల్నే ఇడిసి ఉరికొచ్చిండు.'

గట్టయ్య చదివాడు. మళ్లీ వెనక్కి తిప్పించుకుని చదివాడు. ఆయన ఇంట్లో కూర్చుని, ఆయన చాయ్ తాగి, ఆయన ఏడుపు పట్టుకుపోయి, ఆయన్నే పిరికివాణ్ని చేశారు!  శ్యామల చూసిందా అని అరుస్తూ అడిగాడు. దీపిక తలూపింది.

ఆయన ఆమె ఇంటికి వెళ్లేలోపే శ్యామల వచ్చింది. తన వాకిట్లో నుంచే ఆయన అరుపు విన్నది కాబట్టి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గోడకున్న పలక తీసుకుని, కూడబలుక్కుంటూ రాసింది: 'నాగయ్య లోపలికి ఎందుకు ఉరికిండో నాకు దెలుసు అన్నా. గా మాట నీకెట్ల జెప్పాలెనో దెల్వక మొకం దిప్పుకున్న.' గట్టయ్య పలకను ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఏడుపు అయిపోయాక కోపం మిగిలింది. వెబ్‌సైట్ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఆఫీసు చిరునామాకు ఉత్తరం రాయమన్నాడు. దీపిక కాగితం తీసుకుంది గానీ కలం కదల్లేదు. ఆ మాటలు నువ్వెలా చదివావని అడుగుతారు, దొంగ కాపీ సంగతి బయటపడుతుంది, మనమీదే కేసు పెడతారు అని రాసి చూపించింది. తమ మీద పడ్డ నింద గురించి మాట్లాడాలన్నా ముందు దొంగతనం ఒప్పుకోవాలి, ఆ తాళం ఇంత దూరం ఆలోచించి పెట్టినట్టుంది.

"ఇటియ్యి, నేనే రాస్త. నీ పేరు వద్దు" అని గట్టయ్య కాగితం లాక్కున్నాడు. రాస్తూ, వాడంతా వినేలా పైకి చదివాడు.

"నా కథ దీస్కపోయిన నాడు నా నోటికి తాళం లేకుండె. పైసలు గట్టిన, మీరు సదవనియ్యలే. దొంగ బొమ్మ దెచ్చుకొని సదివిన. మీరు రాసింది అబద్ధం. కేసు వెట్టుండ్రి, వస్త. కోర్టుల నన్ను ఏమడుగుతరో అడుగుండ్రి. నాకు ఇనబడది. తెలుగుల, పెద్ద అక్షరాలతోని రాసి అడుగుండ్రి."

సంతకం చేసి మడవబోతుంటే శ్యామల చేయి అడ్డం పెట్టింది. కలం తీసుకుని ఆయన పేరు కింద తన పేరు రాసి, పక్కన నాగయ్య భార్య అని రాసింది.