మబ్బుబొమ్మలో తాతయ్య గొంతు

వీధిలో ఆయన్ని అందరూ అనౌన్సరు గారనే పిలిచేవారు. రేడియో ఉద్యోగం ఏనాడో అయిపోయినా, గొంతు మాత్రం ఇంకా రిటైరు కాలేదని ఆయన నమ్మకం. ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వార్తలు చదివినట్టే ఉండేది.

అలాంటి మనిషిని సిమెంటు కంపెనీ వాళ్లు వెతుక్కుంటూ వస్తే ఉబ్బితబ్బిబ్బు కాక ఏమవుతాడు? వరదలకీ ఎండలకీ బెదిరిపోయిన బడిపిల్లలకి కంపెనీ మబ్బు ఆకారంలో చేసిన మబ్బుబొమ్మలు పంచుతోందట. పొట్ట నొక్కితే బొమ్మ ఈయన గొంతుతో ధైర్యం చెప్పాలి. "కళ్లు మూసుకో. ఊపిరి పీల్చు. ఆకాశం మీద కోపం వద్దు. అంతా నీ మనసులోనే ఉంది." పెదాలు సాగదీసి చదివితే నవ్వు గొంతులోకి దిగుతుంది, అది మైకు ముందు నేర్చిన కిటుకు. ఒక్క టేకులో ముగించి, పెట్టె మీద తన పేరు వేస్తారా అని మాత్రం అడిగారు. వెయ్యలేదు.

కిందటి వానలకి ఇంట్లోకి మంచం ఎత్తు నీళ్లొచ్చాయి. అప్పట్నుంచీ మబ్బు పడితే చాలు, మనవరాలు బడిసంచీ బీరువా మీదికి ఎక్కించేది. ఆ సాయంత్రమూ అదే పని చేసి, కిటికీ దగ్గర నిలబడింది. బడిలో ఇచ్చిన మబ్బుబొమ్మ నేల మీద పడి ఉంది.

"తాతయ్యా, నీళ్లు మళ్లీ వస్తాయా?"

"రావమ్మా. కళ్లు మూసుకో. ఊపిరి..."

"బొమ్మలా చెప్పకు. దానికి కిటికీ కనపడదు. నీకు కనపడుతుందిగా."

వంటింట్లోంచి కూతురు అంది: "నాన్నా, వేరే గొంతేమైనా మిగిలిందేమో చూడు."

ఆయన మళ్లీ నోరు తెరిచారు. పాడు పెదాలు వాటంతటవే సాగాయి. పిల్ల మొహం తిప్పేసుకుంది. ఇక తనని ఏదీ అడగదేమో అనిపించింది ఆయనకి.

"వస్తాయేమో," అన్నారు. గొంతు బొంగురుపోయింది. "నాకూ భయంగానే ఉంది."

పిల్ల తిరిగి చూసింది. "ఆకాశం మీద కోపం వద్దన్నావు. మరి ఎవరి మీద?"

వానలిలా గతి తప్పడానికి పొగ కారణమనీ, అందులో ఆ సిమెంటు కంపెనీ పొగగొట్టాల వాటా కూడా ఉందనీ ఆయన తడబడుతూ చెప్పారు.

"ఇది బొమ్మలో చెప్పలేదేం?"

"వాళ్లు రాసివ్వలేదమ్మా."

"నువ్వు అడగలేదా?"

"పెట్టె మీద నా పేరు వేస్తారా అని అడిగాను."

వంటింట్లో కూతురు నవ్వాపుకోలేకపోయింది. పిల్ల నవ్వలేదు. సామాను పైకి ఎక్కిద్దామంది. ఆయన చెయ్యి ముందు రేడియో వాళ్లు తనకిచ్చిన షీల్డు మీదికే పోయింది. పిల్ల దాన్ని లాక్కుని కింద పెట్టేసింది.

"ముందు బియ్యం బస్తా. ఆ చివర పట్టుకో, తాతయ్యా."