చేతులు వెనక్కి కట్టుకున్న సింహాచలమత్త

ఇందాక గేటు అవతల ధబ్బుమని చప్పుడైంది. బండి పడ్డ చప్పుడు. వెనకే "అయ్యో" అని ఒక ఆడగొంతు, ఆ తర్వాత మంచుకు తడిసిన మట్టి మీద పెట్రోలు వాసన. ఎవరికైనా ఆ చప్పుడు వింటే గుండె గుభేలుమంటుంది. నాకు మాత్రం నవ్వొస్తుంది. ఏం చేయను, నాకు బతుకు నేర్పిన మనిషి అలాంటిది మరి! ఆవిడ పేరు సింహాచలం. మా విజయనగరం వైపు ఆ పేరు ఆడవాళ్ళకీ పెడతారు, మగవాళ్ళకీ పెడతారు. నాకు వరసకేమీ కాదు, భోగాపురంలో మా అక్కావాళ్ళ పక్కింటావిడ. అయినా అత్తా అనే పిలిచేదాన్ని. మోపెడ్ మీద ఊరూరూ తిరిగి పిల్లలకు టీకాలు వేసిన నర్సు. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, పొద్దున్నే హైస్కూలు గ్రౌండులో ఆడవాళ్ళకు స్కూటరు నేర్పేది.

ఆవిడ చేతికి నేను చిక్కింది నా ఉద్యోగం ఊడిన ఎండాకాలంలో. పాత నోట్లు రద్దయిన మరుసటి ఏడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాం ఎప్పుడు, ఎక్కడ తప్పుతుందో పట్టుకోవడం నా పని. ఒకరోజు పొద్దున్న గదిలోకి పిలిచి, మంచినీళ్ళిచ్చి, మీ పని ఇకమీదట మిషన్లే చేసుకుంటాయని చెప్పారు. మధ్యాహ్నానికి మెడలో కార్డు తీసేసుకున్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటని ఎవరి మీద చూపించాలో తెలియక అక్క దగ్గరికి వచ్చిపడ్డాను. అడిగినవాళ్ళందరికీ ఇంటి నుంచి పని చేస్తున్నానని చెప్పాను. అరుగు మీద లాప్‌టాప్ తెరుచుకుని కనబడ్డ ప్రతి కంపెనీకీ దరఖాస్తులు పంపేదాన్ని. గోడ అవతల నుంచి అత్త గమనిస్తూనే ఉంది. ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"ఒసే గౌరీ, ఇంటికాడి నుంచి పనంటన్నావు. ఆపీసు పనీ సెయ్యవు, ఇంటి పనీ సెయ్యవు. ఏటే నీ కత?"

ఏడుపు తన్నుకొచ్చింది. "ఉద్యోగం తీసేశారత్తా" అన్నాను.

"ఓలమ్మ, ఇంతేనా! ఎవుడైనా మోసం సేసినాడేమో అని నాను అడలిపోతన్నాను. పోనాది ఉద్యోగమే కదా, సెయ్యీ కాలూ పోనేదు కదా. రేపు బేగి లెగు. గ్రౌండుకి రా."

జాలి చూపిస్తుందనుకుంటే పని చెప్పిందేమిటా అని ఉక్రోషం వచ్చిన మాట నిజం. అయినా తెల్లారకుండానే లేచి వెళ్ళాను. నాకు బండి నడపడం వచ్చు, హైదరాబాదు ట్రాఫిక్కులో నలిగినదాన్ని. అదే చెప్పాను. అత్త తన స్కూటరుని మట్టిలో పక్కకి పడుకోబెట్టి, "లేపు" అంది. ఎవరొచ్చినా ఆవిడ మొదటి పాఠం అదే. తాళం తిప్పడం, బ్రేకు పట్టడం అన్నీ తర్వాత. "పడకండా నేర్పుతానని నానెవులికీ సెప్పను. పడతారు. లేపడం ముందు వస్తే పడ్డానికి బయముండదు" అనేది. నేను హ్యాండిల్ పట్టుకుని లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. నడుం పట్టేసింది. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుని, కొంగుని మణికట్టుకి చుట్టుకుని, కదలకుండా నిలబడింది.

"ఒక చెయ్యి వెయ్యొచ్చు కదత్తా!" అని అరిచాను.

"వేస్తే లెగుస్తాది. అప్పుడు లేపింది నానవుతాను, నువ్వు కాదు. నా సేతులు ఆగవే, అందుకే కట్టీసినాను. బండి వైపు వీపు పెట్టు, మోకాళ్ళు వంచు, కాళ్ళతో తొయ్యి."

బండి లేచి నిలబడింది! ఎన్ని నెలలైందో నా వంటితో నేను ఒక పని చేసి. గ్రౌండంతా వినబడేలా కేకపెట్టాను. కానుగ చెట్టు కింద కూర్చున్న ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి దరఖాస్తులు సాయంత్రాలకి మారాయి.

ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో పోలమ్మక్క ఒకతె. సముద్రం ఒడ్డున ఉన్న ముక్కాం నుంచి చేపల తట్ట నెత్తినెట్టుకుని వచ్చి పైనున్న ఊళ్ళలో అమ్ముకునేది. తట్ట చూస్తే బస్సువాడు ఆపడు, ఆటోవాడు ముక్కు మూసుకుని పోతాడు. నడిచి వెళ్ళేసరికి ఎండెక్కి చేప మెత్తబడేది. వాళ్ళ తమ్ముడు చేపల వేటకి గుజరాత్ వెళుతూ పాత స్కూటరు ఆమెకి వదిలేశాడు. ఆదివారం వస్తాను, ఈలోపు నేర్చుకోకపోతే బండి అమ్మేస్తానని ఫోనులో గట్టిగా చెప్పాడు. పోలమ్మక్కకి లేపడం భేషుగ్గా వచ్చింది. ఎన్నిసార్లు పడిందో అన్నిసార్లూ లేపింది. ముందుకి పోవడమే రాలేదు. కాళ్ళు పైకి తీసిందంటే చాలు, బండి పక్కకి ఒరిగిపోయేది. మోచేతులు గీరుకుపోయాయి. "నా రాత ఇంతే, నానీ తట్టతోనే సచ్చిపోతాను" అని శుక్రవారంనాడు మట్టిలోనే కూలబడి ఏడ్చింది. నాకూ కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ మధ్యాహ్నమే నాకు బెంగుళూరు నుంచి ఫోను. సోమవారం లాప్‌టాప్‌లోనే చివరి ఇంటర్వ్యూ. అక్క పాయసం వండింది. నా బుర్ర మాత్రం పోలమ్మక్క దగ్గరే తిరుగుతోంది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? ప్రతిసారీ తప్పుతోందంటే ప్రతిసారీ ఒకేలా జరిగేదేదో ఉండి తీరాలి. శనివారం పొద్దున్న బండి వెంట పరుగెత్తడం మానేసి, దూరంగా గట్టు మీద కూర్చుని ఆమె వచ్చే దారి చూశాను. అదిగో, వస్తోంది. నెత్తిన తట్ట, చేతులు రెండూ ఊపుకుంటూ, పక్కనున్నామెతో కబుర్లాడుతూ. మెడ నిటారుగా, చూపు ఎక్కడో దూరంగా. ఆ గతుకుల దారిలో తట్ట ఇంతైనా చలించలేదు. అదే మనిషి తట్ట దించి బండెక్కగానే మెడ వాలిపోయింది, చూపు ముందు చక్రం మీద పడింది. పడిపోయింది.

నేను లేచి ఒకటే పరుగు. "పోలమ్మక్కా, ఉత్త తట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కు!"

అత్త కసిరింది. "ఉద్యోగం పోయి పిచ్చెక్కినాదేటే నీకు?"

"ఒక్కసారత్తా, గ్రౌండులోనే కదా!"

పోలమ్మక్క చుట్టకుదురు సర్దుకుంది, ఖాళీ తట్ట పెట్టుకుంది. ఆ బరువు తగలగానే మెడ దానంతటదే నిలబడింది. చూపు గోల్‌పోస్టు దాటి రోడ్డు మీది కొబ్బరి చెట్లదాకా వెళ్ళింది. కాళ్ళు పైకి తీసింది. బండి కదిలింది. ఒరగలేదు! గోల్‌పోస్టు దాటింది, కానుగ చెట్టు చుట్టూ తిరిగింది, మళ్ళీ వచ్చింది. మేమంతా ఈలలు, కేకలు. రెండో చుట్టు, మూడో చుట్టు.

"ఓలమ్మో, ఆపడం మర్సిపోనానే!" అని ఆమె అరుస్తుంటే నవ్వలేక చచ్చాం.

"ఎడం సేతి బ్రేకు నొక్కవే తల్లీ!" అని అత్త వెంట పరుగెత్తింది. ఆగింది. తట్ట అప్పుడు కింద పడింది. దాని బదులు అత్త హెల్మెట్ పెడితే, "ఇదీ బరువుగానే ఉన్నాది, పరవానేదు" అని ఇంకో చుట్టు కొట్టేసింది. మర్నాడు తమ్ముడు వచ్చి చూసి నోరెళ్ళబెట్టాడు. బండి ఆమెకే ఉండిపోయింది.

నేను ఆ శనివారం గ్రౌండులో చిన్నపిల్లలా గెంతాను. అత్త నన్నే చూస్తూ, "మీ ఆపీసులో ఎప్పుడైనా ఇలాగ గెంతినావేటే?" అంది. ఆ రాత్రంతా వెతికాను, ఒక్కరోజు కూడా గుర్తుకు రాలేదు.

సోమవారం ఇంటర్వ్యూ బాగా చేశాను. సాయంత్రానికల్లా వచ్చి చేరమన్నారు. అక్క ఎగిరి గంతేసింది. నేను గోడ దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"మంచిదే" అంది అత్త.

"నన్నేం చెయ్యమంటావత్తా?"

"నన్నడక్కు. అది నీ పని."

ఆ గొంతులో ఏదో తేడా ఉంది. గేటు తీసుకుని వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాను. గోడ చాటున ఆవిడ చేతులు రెండూ వెనక్కి ఉన్నాయి. కొంగు మణికట్టు చుట్టూ బిగించి ఉంది, వేళ్ళు ఎర్రబడిపోయేంత గట్టిగా. ఉండిపోవే అనడానికి ఆవిడ ప్రాణం కొట్టుకుపోతోంది. అయినా అనడంలేదు. నన్ను నేనే లేపుకోవాలని అలా నిలబడింది. నాకు దుఃఖమూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అక్కడే నిలబడి బెంగుళూరుకి ఫోను చేసి, రానని చెప్పేశాను.

"నాకోసం ఆగినావంటే తంతాను" అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ.

"నీకోసం కాదత్తా, గెంతడం కోసం" అన్నాను. అప్పుడు కొంగు ముడి విప్పి, రెండు చేతులతో నన్ను దగ్గరికి లాక్కుంది.

అత్త ఇప్పుడు లేదు. ఆవిడలాగే ఆడవాళ్ళకు బండి నేర్పడానికి విజయనగరంలో నేను పెట్టిన శిక్షణ గ్రౌండు మొదలైన రోజున రిబ్బను కత్తిరించమంటే, "కత్తిరించడమేటే, బండిని కిందకి పడీయ్" అని తనే ఒక స్కూటరుని పడుకోబెట్టి వెళ్ళింది. ఎందరో ఆడవాళ్ళు ఇక్కడ స్కూటర్లు, ఆటోలు నేర్చుకుని వెళ్ళారు.

ఇందాకటి చప్పుడుకి గేటు దాకా వచ్చాను. కొత్తగా చేరిన అమ్మాయి, పడిపోయిన బండి పక్కన నిలబడి బిక్కమొహంతో నావైపు చూస్తోంది. పనిచేస్తున్న కంపెనీ మూసేస్తే మొన్ననే హైదరాబాదు నుంచి వచ్చేసిందట. "మేడమ్, కొంచెం పట్టుకోరా?" అంది. పరుగున వెళ్ళి పట్టుకోవాలనే ఉంది. అప్పుడు తెలిసింది, నా చేతులు రెండూ వెనక్కి వెళ్ళిపోయి ఉన్నాయి, చున్నీ మణికట్టు చుట్టూ బిగుసుకుని ఉంది.

"వీపు పెట్టమ్మా, మోకాళ్ళు వంచు" అన్నాను. "లేపు. నేనిక్కడే ఉన్నాను."