పసుపు మీద అతికించిన వైజర్లు

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, చిన్న మాట. చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది. దించుకోవడానికి మాత్రం ఇన్నేళ్లుగా చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నా వెన్ను వంగదు.

మాది జిన్నారం దగ్గర ఒక పాత ఇల్లు. ఒకప్పుడు చుట్టుపక్కల భూములు మావే. తాతగారి కాలంలో కొన్ని పోయాయి, నాన్న కాలంలో మిగతావి. ఆ పొలాల్లో ఇప్పుడు మందుల ఫ్యాక్టరీలున్నాయి. వాటికి ఖాళీ డ్రమ్ములు తోలడానికే నేను పికప్ కొన్నాను. మా నేల మీద కట్టిన గేటు ముందు నిలబడి, లోపలికి పోనివ్వమని అడగాలి. నాకది చేతనయ్యేది కాదు. డ్రైవర్ మల్లేశం వెళ్లేవాడు. వాళ్ల నాన్న మా నాన్న జీపు నడిపాడు. ఆ లెక్కన మల్లేశం కూడా నాకు వారసత్వంగా వచ్చాడనుకున్నానేమో. రాయడానికి సిగ్గుగా ఉంది.

వానాకాలం. అద్దాలు మూస్తే డ్రమ్ముల ఘాటు, దించితే జల్లు. తలుపుల పై అంచుకు రెయిన్ వైజర్లు, అంటే టేపుతో అతికే చూరులాంటి ప్లాస్టిక్ పట్టీలు, అతికిస్తే, వానలోనూ అద్దం వేలెడు దించుకోవచ్చని మల్లేశం అడిగాడు. పటాన్‌చెరులో దుకాణానికి వెళ్లాను. ముందున్న ఆటో పని అయ్యాక మీది బిగిస్తామని, అంతవరకు స్టూలు మీద కూర్చోమన్నాడు దుకాణదారు. ఆటోవాడి తర్వాత నా వంతు కోసం నేను కూర్చోవాలా? ప్యాకెట్ తీసుకుని వచ్చేశాను. అంచు మీద జిడ్డు లేకుండా తుడిచి అతికించమని వెనక నుంచి కేకేశాడు. విన్నాను. స్పష్టంగా విన్నాను.

బండి కొత్తది. బొంతపల్లి వీరభద్రుడి గుడి దగ్గర అప్పుడే పూజ చేయించాం. అందరూ పసుపు నీళ్లతో కలుపుతారు. మా ఇంట్లో నువ్వుల నూనెతో కలిపి తలుపుల అంచుల పొడవునా పూస్తాం. అది దానంతటదే పోవాలి, చేత్తో తుడవకూడదు. భూమి పోయింది, జీపు పోయింది, ఈ పద్ధతి ఒక్కటి మిగిలింది.

వాకిట్లో నేను ప్యాకెట్ విప్పుతుంటే మల్లేశం గుడ్డ పట్టుకొచ్చాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"అంచు తుడుస్త దొరా. జిడ్డుంటె టేపు పట్టదు గద."

"పూజ పసుపురా అది. తుడుస్తరా ఎవరన్న?"

"టేపుకేం ఎరుక దొరా, అది వీరభద్రుని పసుపా, కూరల పసుపా అని."

నవ్వాడు. నాకు మండింది.

"మీ అయ్య మా నాయినకు ఎన్నడన్న గిట్ల ఎదురు మాట్లాడిండా?"

"లేదు దొరా." గుడ్డ భుజాన వేసుకున్నాడు. "గప్పుడు జీపులకు గీ వైజర్లు లేకుండె."

అతణ్ని ముట్టుకోనివ్వలేదు. రెండు వైజర్లూ నేనే పసుపు మీద పెట్టి, బొటనవేలితో నొక్కి నొక్కి అతికించాను.

కొద్ది రోజులకే హైవే మీద కుడివైపుది ఊడి ఎగిరింది. వెనక బైకు మీద వస్తున్న ఒక కార్మికుడు దాన్ని తప్పించుకోబోయి పడ్డాడు. భుజం ఎముక విరిగింది. అతను మేము డ్రమ్ములు తోలే ఫ్యాక్టరీలోనే పనిచేసేవాడు. మర్నాడు బండి యజమాని రావాలని కబురు పెట్టి, గేటు దగ్గర అందరి ముందు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ నన్నే అడిగాడు, దాన్ని ఎవరు అతికించారని. పక్కనే మల్లేశం, చేతిలో ఊడిన వైజర్. దాని టేపు నిండా పసుపు.

"వాడే పెట్టిండు. నేను వద్దంటనే ఉన్న," అన్నాను.

ఎందుకన్నాను? అరెస్టు భయమా? కాదు, పోలీసుల దాకా పోలేదు. ఆ గేటు ముందు, ఆ మనుషుల ముందు, నాకు వైజర్ అతికించడం కూడా రాదని ఒప్పుకోలేకపోయాను. అంతే. ఇంకే కారణం వెతికినా దొరకడం లేదు. మల్లేశం నా వైపు చూశాడు. వైజర్ తిప్పి, పసుపున్న వైపును ఛాతీకి ఆనించుకున్నాడు.

ఆ డ్రైవర్ ఇక లోపలికి రాకూడదన్నారు. ఆ మాట మిగతా గేట్లకూ పాకింది. బండికి డ్రైవర్‌ను మార్చక తప్పలేదని ఊళ్లో చెప్పాను. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకుంటే, డ్రైవర్ తప్పుకు దొర కట్టాడని నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పును కూడా వద్దనలేదు.

ఇప్పుడు మల్లేశం సంగారెడ్డి మార్కెట్లో ఒక సేటు దుకాణంలో బస్తాలు మోస్తున్నాడు. స్టీరింగ్ పట్టి ఎంతకాలమైందో. మొన్న ఎదురుపడ్డాడు. బస్తా దించి, "బాగున్నరా దొరా?" అన్నాడు. నోరు తెరవాల్సిన చోట నేను తలూపాను. తలూపి వచ్చేశాను! దారి పొడవునా నన్ను నేను తిట్టుకున్నాను, తర్వాత అతణ్ని తిట్టుకున్నాను. అతను ఆ రోజే నిజం చెప్పి ఉంటే పోయేది కదా? నన్ను కాపాడాడా, అసహ్యించుకున్నాడా? తిట్టినా బాగుండేది. ఆ పలకరింపులో ఏముందో ఎంత తవ్వినా తెలియదు. అడిగే ధైర్యం లేదు.

ఆ వైజర్లు అతికించింది నేను. అబద్ధం చెప్పింది నేను. ఇది మీరు చదివినంత మాత్రాన ఏ గేటూ మల్లేశాన్ని లోపలికి పిలవదు. అయినా రాశాక నా భుజాలు కాస్త వదులయ్యాయి. చూడండి, ఆ సుఖం కూడా నాకే దక్కింది.