కుట్ల మీద పసుపు

అత్తయ్య మెట్ల మీద పడిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వాచ్‌మన్ భార్య. "అమ్మా, పెద్దమ్మ పడ్డది, లేస్తలేదు, జర జల్ది రా" అంటూ నేను వెళ్ళిన ఫిల్మ్‌నగర్ గుడి దాకా పరుగెత్తుకొచ్చింది. ఆ తల్లికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు.

ఇంటికి తెచ్చుకున్నాక, రోజు విడిచి రోజు బోరబండ నుంచి ఒక నర్సు వచ్చి కట్టు మార్చేది. జానెడు పొడవున కుట్లు. "సబ్బుతోని చేతులు కడగకుంట ముట్టొద్దమ్మా. తడి తగలొద్దు. చీము వట్టిందంటే లోపలి రాడ్డు దాకా వోతది, మల్ల కోసుడే. పెద్దమ్మ తట్టుకోదు" అని ఒక్కొక్కటీ చూపించి నేర్పింది. నేను బడికి పోలేదు, మా నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. అలా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినవాళ్ల మాట నాకు మరుపు రాదు.

శుక్రవారం శ్రీనగర్ కాలనీ నుంచి మా ఆడపడుచు అమ్మవారి పసుపు తెచ్చింది. నేను పాలు కాచి వచ్చేసరికి కట్టు విప్పి ఉంది, కుట్ల చివర పసుపు. ఆమె చెయ్యి పట్టేసుకున్నాను.

"వదులు! రోజూ సహస్రనామం చదువుతావు, అమ్మవారి పసుపంటే నమ్మకం లేదా?"

"ఉంది కాబట్టే నుదుట పెట్టుకుంటాను వదినగారూ. కుట్ల మీద పెట్టనివ్వను."

"అబ్బో, ఇంట్లో నాలుగక్షరాలు దిద్దుకుని డాక్టరమ్మవైపోయావే!"

"అయ్యానండీ. చేతులు కడుక్కుంటేనే ఇక ఈ గదిలోకి రండి."

"నా తుంటి మీద మీ తగువేమిటే!" అని అత్తయ్య మూలిగింది.

కాపురానికి వచ్చాక ఆడపడుచుకు ఎదురు చెప్పడం అదే మొదలు. వెంటనే నర్సుకు ఫోన్ చేశాను. ఆ రోజు ఆమెకు సెలవు, అయినా ఆటోలో వచ్చింది. డాక్టరుతో ఫోనులో మాట్లాడి, సెలైన్‌తో పసుపంతా కడిగి కట్టు కట్టింది. "మంచిగ ఆపినవ్" అంది. ఆ వారమంతా జ్వరం చూస్తూ గుమ్మంలోనే కాపలా కూర్చున్నాను. చీము పట్టలేదు. కుట్లు తీసేశారు.

అంతా పసుపు మహిమేనని మా ఆడపడుచు ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అమ్మవారి దయ అంటే నేనూ కాదనను. అయితే ఆ అమ్మవారు సెలవు రోజున ఆటో ఎక్కి వచ్చిందని ప్రతిసారీ పక్కనుంచి గట్టిగా అంటాను. మీ ఇంట దీపం పెట్టేటప్పుడు మీరూ ఒక్కసారి ఆమెను తలుచుకోండి. బోరబండ నర్సమ్మ అంటే చాలు.